బందరుకు రోజూ ఇంకో గంట

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి, మచిలీపట్నం నుంచి బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ,

బీచ్ ఫెస్టివల్ వద్దని చెప్పడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. ముందే ఆ మాట అనేస్తే మిగతాది మీరు నిదానంగా చదువుతారని ఆశ. 2025 జూన్‌లో మంగినపూడిలో మసులా బీచ్ ఫెస్టివల్ జరిగినప్పుడు ఊరు ఊరంతా కదిలింది. కబడ్డీ చూశారు, పాటలు విన్నారు, ఇసుకలో చెప్పులు పోగొట్టుకున్నారు. సంతోషం. నా పేచీ అల్లా ఆ నాలుగు రోజులకు ముందూ వెనకా ఉన్న మూడువందల అరవై రాత్రులతోనే.

పర్యాటకం గురించి మాట్లాడిన ప్రతిసారీ బందరుకు నైట్‌లైఫ్ తేవాలంటారు. ఎక్కడినుంచి తెస్తారు? గోవా నుంచా, విశాఖ నుంచా? ఈ ఊరికి రాత్రిళ్లు కొత్త కాదు. అవి ఉన్నాయి, వాటికి సొంత వేళలున్నాయి, సొంత జనం ఉన్నారు. వాళ్లని పదింటికే ఇళ్లకు తరమకుండా ఉంటే సగం పని అయిపోయినట్టే. తక్కిన సగం నాలుగు దీపాలు, రెండు బస్సులు, శుభ్రమైన మరుగుదొడ్లు.

కొంచెం వెనక్కి వెళ్తాను, ఓపిక పట్టండి. 1902లో మొదలైన కృష్ణా పత్రికకు ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా సంపాదకులు. పొద్దు గూకాక ఆ ఆఫీసులో జరిగే కొలువును ఊళ్లో దర్బారు అనేవారు. కవులు వచ్చేవారు, పాటగాళ్లు వచ్చేవారు, దేశం స్థితి మీద కోపంతో ఉన్న కుర్రాళ్లు వచ్చేవారు. రమ్మని పిలుపు అక్కర్లేదు, టిక్కెట్టు అంతకన్నా లేదు. జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ బొమ్మలు నేర్పుతున్నా, తర్వాత అడవి బాపిరాజు ప్రిన్సిపాల్‌గా ఉన్నా, హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు విశ్వనాథ సత్యనారాయణ లాంటి శిష్యులకు పద్యం చెప్తున్నా, అదంతా పగటి బందరు. పొద్దుగూకాక మొదలయ్యే బందరు వేరు. తిరుపతి వెంకట కవుల ఉద్యోగ విజయాలు తెల్లవార్లూ ఆడిన కాలంలో, పడకసీను పద్యం ఎవరు బాగా లాగుతారన్న వాదం మర్నాటి మధ్యాహ్నం దాకా సాగేది. తెలుగు సినిమాకు పితామహుడని మనం దండలు వేసే రఘుపతి వెంకయ్య పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. అంటే సాయంత్రం పూట ఒకచోట చేరి కూర్చోవడమనే విద్యలో మేం కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు.

ఇప్పుడు దసరా గురించి. ఈ జిల్లాకు మీరు బయటి నుంచి వచ్చిన అధికారి అయితే, విజయదశమి రాత్రి ఒక్కసారి ప్రొటోకాల్ పక్కన పెట్టి కోనేరు సెంటర్‌లో నిలబడండి. శక్తి పటాలు వస్తాయి. ఒక్కొక్క పటం ఒక్కొక్క పేటది. బరువైన పటాన్ని ఎత్తుకుని, కాళిక వేషంలో, డప్పుల మోతకు అడుగు వేస్తూ ఒక మనిషి వస్తుంటే వందల మంది వెనక నడుస్తారు. కలకత్తా వైపు నుంచి వచ్చిన ఒక సిపాయి వెంట ఈ ఆచారం ఈడేపల్లికి చేరిందని పెద్దలు చెప్తారు. ఎలా వచ్చినా, ఇప్పుడిది బందరుదే. పటం ఎత్తేవాళ్లలో రిక్షా తొక్కినవాళ్ల కొడుకులున్నారు, రోల్డ్‌గోల్డు పని చేసేవాళ్లున్నారు, ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆ తొమ్మిది రోజులకే సెలవు పెట్టి వచ్చేవాళ్లున్నారు. దీక్ష పడతారు, చెప్పులు వేసుకోరు. ఆ బరువుతో ఎగరడానికి ఒళ్లు ముందే సిద్ధం కావాలి. దానికి వాళ్లు వాడుకునేది ఏ సందులోనో, ఏ గుడి వెనకో, ఒక్క బల్బు కింద ఉన్న జాగా.

ఈ పండగకు మనం చేసే ఏర్పాటేమిటి? బారికేడ్లు, ట్రాఫిక్ మళ్లింపు. అవి కావాలి, కాదనను. కానీ ప్రభుత్వం శక్తి పటాన్ని చూసే చూపు అక్కడితో ఆగిపోతుంది. బీచ్‌లో వేదిక కడితే అది సాంస్కృతిక కార్యక్రమం, కోనేరు సెంటర్‌కు పటం వస్తే అది బందోబస్తు సమస్య. ఈ తేడా నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మొహర్రం సంగతీ అంతే. గోల్కొండ నవాబుల రేవుగా ఉన్న రోజుల్లో పర్షియా వర్తకులు ఇక్కడ కాపురాలున్నారు. షియాల మాతం ఊరేగింపు నేటికీ ఈ ఊరి వీధుల్లో సాగుతుంది. చూడ్డానికి, మొక్కుకోవడానికి వచ్చేవాళ్లలో హిందువులు తక్కువేం కాదు. మొక్కున్న ఇల్లాలు పీరు ముందు ఊదు వేయించి, మర్నాడు చిలకలపూడి పాండురంగడికి కొబ్బరికాయ కొడుతుంది. అందులో ఆమెకు వింతేమీ కనపడదు. కార్తీకంలో అదే చిలకలపూడిలో ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా ఉత్సవాలు. భక్త నరసింహం కట్టించిన ఆ గుడి చుట్టూ రంగులరాట్నాలు, గాజుల కొట్లు, జీళ్ల దుకాణాలు. పౌర్ణమి తెల్లవారుజామున జనం మంగినపూడికి సముద్ర స్నానానికి బయల్దేరతారు. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది, ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న పదకొండు కిలోమీటర్లు ఆ ఒక్కనాడు దూరం అనిపించవు. మర్నాటి నుంచి యథావిధి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2004 డిసెంబర్ 26 ఆదివారం, పౌర్ణమి. ఆ ఉదయం స్నానాలకు దిగినవాళ్ల మీదికే సునామీ వచ్చింది. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన ఈ ఊళ్లో ముప్పై వేల మందిని తీసుకుపోయింది. 1977 నవంబర్‌లో దివిసీమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. సముద్రంతో బందరుకున్న చుట్టరికం సెల్ఫీ పాయింటుతో తీరేది కాదు. ఒడ్డున రాత్రిపూట జనాన్ని పోగు చేసే ఏ కార్యక్రమానికైనా ముందు గజ ఈతగాళ్లు, సైరను, వెనక్కి వెళ్లే దారి, ఆ తర్వాతే లేజర్ లైట్లు.

కాలం సంగతి కూడా చూడండి. జూన్ మొదటి వారమంటే రోహిణి కార్తె తోక. రోళ్లు పగిలే ఎండ అని మనవాళ్లు ఊరికే అనలేదు. పోనీ నవంబర్‌లో పెడదామా అంటే తుపానుల భయం. సంక్రాంతి దాటాక మాఘం దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది, గాలి హాయిగా ఉంటుంది, మాఘ పౌర్ణమికి జనం ఎలాగూ స్నానానికి వస్తారు. ఫెస్టివల్ చేస్తే అప్పుడు చేయండి. బందరు దోమలు మాత్రం ఏ కార్తెలోనూ సెలవు తీసుకోవు. వాటికి మురుగు కాల్వల పూడిక తీయడం తప్ప వేరే ఉత్సవం పనికిరాదు.

సరే, రోజువారీ రాత్రికి వద్దాం. నేను గట్టిగా అడగదలచుకున్నది అదే.

సాయంత్రం ఆరున్నరకు కోనేరు సెంటర్ చూడండి. మిరపకాయ బజ్జీ, పునుగులు, ముంతమసాలా, గోలీసోడా. బట్టల షాపుల్లో దీపాలు, పక్కన హల్వా కొట్లో నెయ్యి వాసన. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందిగానీ, దాన్ని తొక్కే మనిషి భుజాలకు ఏ గుర్తింపూ రాలేదు, అది వేరే ఉత్తరం. తొమ్మిదిన్నరకు వచ్చేసరికి బండ్లవాళ్లు అటూ ఇటూ చూడ్డం మొదలుపెడతారు. పదికి స్టవ్‌లు ఆరతాయి, షట్టర్లు దిగుతాయి. ఆ తర్వాత రోడ్డు మీద ఉన్నవాడు అనుమానితుడు.

కానీ అప్పటికి ఊరు పడుకోదు. గిలకలదిండి హార్బర్‌లో పడవలకు ఐసు ఎక్కించేవాళ్లు మేలుకునే ఉంటారు. ప్రభుత్వాసుపత్రిలో రోగి పక్కన కూర్చున్న బంధువు మేలుకునే ఉంటాడు, అతనికో టీ కావాలి. 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది, అంతకుముందే కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. వందల మంది పిల్లలు హాస్టళ్లలో ఉంటున్నారు. వాళ్లకు శనివారం రాత్రి పోవడానికి ఈ ఊళ్లో చోటు లేదు. పుట్టినరోజు కేకు అయినా, ఊరికే నలుగురు కూర్చుని నవ్వుకోవడమైనా, డెబ్బై కిలోమీటర్లు జాతీయ రహదారి మీద బెజవాడ. అర్ధరాత్రి బైకుల మీద తిరుగు ప్రయాణం. ఆ రోడ్డు మీద జరిగే ప్రమాదాల చిట్టా మీ దగ్గర ఉంటుంది, నేను చెప్పను.

మద్యం దుకాణం రాత్రి పదింటిదాకా తెరిచి ఉండొచ్చని 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న విధానంలో రాసి ఉంది. గ్రంథాలయం అంతకన్నా ముందే తలుపు వేసుకుంటుంది. బజ్జీల బండికి ఏ వేళా రాసి లేదు, ఎవరు ఎప్పుడు విజిల్ ఊదితే అదే దాని వేళ. ఒక ఊరి రాత్రిని ఎవరికి అప్పగించామో చెప్పడానికి ఈ మూడు వేళలు చాలు. రాత్రిపూట అల్లర్లు పెరుగుతాయని భయపడేవాళ్లకు నా జవాబు కూడా ఇదే. టీకొట్టు, పిల్లల ఐస్‌క్రీం బండి, పూలమ్మే ఆడమనిషి ఉన్న సెంటర్‌లో తాగి తూలేవాడు తనంతట తనే పక్కకు తప్పుకుంటాడు. వాళ్లను పంపించేశాక మిగిలేది వాడొక్కడే.

బండ్లవాళ్ల కోసం కొత్త చట్టం చేయక్కర్లేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో నూటికి నలభై మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఆ కమిటీని కూర్చోబెట్టి, కోనేరు సెంటర్ దగ్గర ఒక వీధిని రాత్రి పదకొండు దాకా నడిచే విక్రయ ప్రాంతంగా రాయించండి. నీళ్ల కుళాయి, చెత్త బండి, ఎవరి బండి ఎక్కడో తెలిపే గీత. ఇంతకు మించి ఫుడ్ కోర్టు అని పేరు పెట్టి స్టీలు షెడ్లు వేయించకండి. షెడ్డు వేశాక అద్దె వస్తుంది, అద్దె వచ్చాక టెండరు వస్తుంది, టెండరు వచ్చాక పునుగుల పిన్నిగారు పోతుంది.

ఊరి నిద్ర పాడవుతుందని మీకు అర్జీలు వస్తాయి. ఆ అర్జీల్లో న్యాయముంది, పరీక్షలకు చదివే పిల్లలున్న ఇళ్లు, ముసలివాళ్లున్న ఇళ్లు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు కూడదు. సాంస్కృతిక, మతపరమైన పండగలకు ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ పదిహేను రోజుల్లో మన జిల్లాకు ఏవి కావాలో ముందే అడిగి, ఏడాది మొదట్లోనే ఊరికి తెలిసేలా ప్రకటించండి. విజయదశమి, కార్తీక పౌర్ణమి, ఇంకా ఏవో పెద్దలు కూర్చుని తేల్చుకుంటారు. మిగతా రోజుల్లో మైకు లేని రాత్రి. మైకు లేకపోతే కార్యక్రమం కాదనుకోవడం మనకు ఈ మధ్య పట్టుకున్న జబ్బు. ముట్నూరి వారి దర్బారుకు మైకు లేదు.

పాండిచ్చేరిని చూడండి. అదీ పరాసులు, అంటే ఫ్రెంచివాళ్లు, ఏలిన ఊరే, మాకూ ఒక పరాసుపేట ఉంది. అక్కడ సముద్రపు ఒడ్డున గూబెర్ అవెన్యూ అని ఒక రోడ్డు. సాయంత్రం ఆరు కాగానే దాన్ని బండ్లకు మూసేస్తారు, మళ్లీ తెరిచేది పొద్దున ఏడున్నరకు. అంతే చేశారు. ముసలి జంటలు నడుస్తారు, పిల్లలు పరుగెత్తుతారు, ఎవరో గిటారు వాయిస్తారు. ఆ రోడ్డు పేరు చెప్పుకుని ఎంతమంది ఆ ఊరికి వెళ్తున్నారో మీకు తెలుసు. మా సముద్రం ఊరికి దూరం కాబట్టి అచ్చంగా అదే చేయలేం. కానీ ఆదివారం సాయంత్రాలు కోనేరు చుట్టూ ఒక ముక్క రోడ్డు బండ్లకు మూసి చూడండి. మొదటి వారం షాపులవాళ్లు తిడతారు. నెల తిరిగేసరికి రెండో వైపు కూడా మూయమని వాళ్లే అడగొచ్చు.

మంగినపూడికి శని, ఆదివారాల్లో రాత్రి తొమ్మిదిన్నరకు తిరుగు బస్సు ఒకటి, వేళ తప్పకుండా. ఆటో ఖర్చు భరించలేని కుటుంబం వెన్నెల చూసి ఇంటికి రావాలంటే ఇంకో మార్గం లేదు. ఆడపిల్లల మాట ఎత్తితే అందరూ సీసీ కెమెరాలంటారు. కెమెరా జరిగింది చూపిస్తుంది, జరక్కుండా ఆపేది వెలుతురూ జనమూ. బస్టాండు నుంచి హాస్టళ్ల దాకా దీపాలు వెలుగుతున్నాయా లేదా, సెంటర్‌లో తొమ్మిది దాటాక ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం పడుతోందా లేదా, ఈ రెండూ నెలకోసారి ఎవరో ఒక మహిళా అధికారి నడిచి చూసి వచ్చి రాస్తే చాలు. కారులో కాదు, నడిచి.

చరిత్ర పేరుతో కూడా చాలా ప్రతిపాదనలు మీ బల్ల మీదికి వస్తాయి. ఇంగ్లీషువాళ్ల కంపెనీ ఓడ 1611లో ఇక్కడ ఆగింది, అంతకుముందే డచ్చివాళ్లు దిగారు, తర్వాత ఫ్రెంచివాళ్లు. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అన్న పేర్లు ఇప్పటికీ ఆటోవాళ్ల నోట్లో నలుగుతూనే ఉన్నాయి. డచ్చి సమాధుల దగ్గర సౌండ్ అండ్ లైట్ షో పెడదామని ఎవరైనా అంటే, ముందు ఆ కట్టడం కేంద్ర పురావస్తు శాఖదని, మామూలుగా చీకటి పడితే మూసేస్తారని గుర్తుచేయండి. ఆ డబ్బుతో నెలకో పౌర్ణమికి ఊళ్లో ఆరుబయట కూచిపూడి వాళ్ల చేత భాగవతం ఆడించవచ్చు. కూచిపూడి మన జిల్లాలోనే ఉంది, గంట ప్రయాణం. పెడన కలంకారీ వాళ్లతో తెరలు వేయించండి. కళాకారులకు శాలువాలు వద్దు, పారితోషికం ఆ రాత్రే చేతిలో పెట్టించండి. బిల్లు ట్రెజరీకి వెళ్లి తిరిగి వచ్చేలోపు భామాకలాపం వేసిన మనిషికి ఆ వేషం మీద విరక్తి పుడుతుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, ఓడరేవు వస్తోంది. 2023 మేలో పనులు మొదలైన రేవు పూర్తయితే లారీలు వస్తాయి, ఓడల సిబ్బంది వస్తారు, ఉత్తరాది కూలీలు వస్తారు, వాళ్ల వెంట రాత్రి వ్యాపారాలన్నీ వస్తాయి. రేవు ఉన్న ఏ ఊళ్లోనూ రాత్రి ఆగదు, నాలుగువందల ఏళ్ల కిందట ఈ ఊళ్లోనూ ఆగి ఉండదు. ఊరివాళ్లు అప్పటికే తమ సెంటర్‌లో, తమ వెలుతురులో పదకొండు దాకా కూర్చునే అలవాటుతో ఉంటే కొత్తవాళ్లు వచ్చి ఆ వరసలో కలుస్తారు. వీధులు ఖాళీగా ఉంటే వాటిని నింపేదెవరో ముందే తెలుసు. బైపాస్ మీద ఇప్పటికే వాళ్ల బోర్డులు వెలుగుతున్నాయి.

కాబట్టి ఒక చిన్న కోరిక. ఈసారి దసరాకు నెల ముందు ఒక సమావేశం పెట్టండి. కలెక్టరేట్ హాల్లో పదకొండింటికి కాదు, ఆ వేళకు రాగలిగేది పనిలేనివాళ్లూ నాయకులూ. కోనేరు సెంటర్‌లో, రాత్రి ఎనిమిదిన్నరకు, ప్లాస్టిక్ కుర్చీలు వేయించండి. శక్తి పటాల వాళ్లను, పీర్ల చావడి పెద్దలను, బజ్జీల బండ్ల వాళ్లను, ఆటో స్టాండు వాళ్లను, మెడికల్ కాలేజీ హాస్టల్ నుంచి ఇద్దరు ముగ్గురు అమ్మాయిలను, ఆర్టీసీ డిపో మేనేజర్‌ను, ట్రాఫిక్ ఎస్సైని పిలవండి. మైకు వద్దు. మాటలు పదిన్నర దాటి సాగితే సాగనివ్వండి. పక్కనున్న టీకొట్టును మాత్రం ఆ ఒక్క రాత్రికి తెరిచి ఉంచమని ముందే చెప్పించండి.

ఇట్లు,
పరాసుపేట నుంచి ఒక బందరు వాసి